రావులకొల్లు పెద్ద మోటారు

రాష్ట్రంలోకెల్లా పెద్దదైన వ్యవసాయ మోటారును పదహారేళ్లపాటు పై అధికారుల కంటపడకుండా దాచిపెట్టానని నా మీద చార్జి మెమో ఉంది. ఆ మోటారు ఎంత పెద్దదో కూడా అందులో రాశారు. రెండువేల నూటయాభై హార్స్ పవర్. అంత వస్తువును దాచడానికి నాకున్న చోటల్లా మా సెక్షన్ ఆఫీసులో ఒక ఇనప బీరువా, దాని తలుపు కూడా సరిగ్గా పడదు.

నేను కరెంటు సంస్థలో రావులకొల్లు సెక్షన్‌కి ఏఈని, అంటే అసిస్టెంట్ ఇంజనీరుని. పేరు దక్షిణామూర్తి. నా కింద ఒక సబ్‌స్టేషను, ముగ్గురు లైన్‌మన్లు, ఒక వెదురు నిచ్చెన ఉన్నాయి. పొలాల్లో నాలుగొందల ముప్ఫై మోటార్లున్నాయి, అన్నీ అయిదేసి హార్స్ పవర్లవే. ఏ మోటారు మూలుగుతుందో, ఏది దగ్గుతుందో, ఏది వానాకాలం రాగానే అలుగుతుందో నన్ను నిద్రలేపి అడిగినా చెబుతాను.

ఆ ఏడు మా హెడ్డాఫీసులో 'డిజిటల్ ప్రతిరూపం' వెలిసింది. సంస్థ కింద ఉన్న జనరేటర్లు, తీగలు, మోటార్లు అన్నిటినీ కంప్యూటర్లో బొమ్మకట్టి, ఎక్కడ ఏ స్విచ్చి వేస్తే ఎక్కడ వోల్టేజి ఎంత పడిపోతుందో ముందుగానే లెక్కగట్టి చూపించే ఏర్పాటు అది. మంచి ఏర్పాటే. కాకపోతే ప్రారంభోత్సవం నాడు చీఫ్ జనరల్ మేనేజరు చిదానందం గారు కీబోర్డుకి పసుపూ కుంకుమా పెట్టారు, దాంతో మూడు అక్షరాలు పనిచెయ్యడం మానేశాయి. ఆ సాయంత్రమే అన్ని సెక్షన్లకీ సర్క్యులర్ వచ్చింది. అందులో ఏడో నిబంధన ఇలా ఉంది:

"ప్రతిరూపమునకును క్షేత్రమునకును మధ్య వ్యత్యాసము కనుగొనబడినచో, సదరు వ్యత్యాసమును క్షేత్రము నుండి తక్షణమే తొలగించవలెను."

నేను మూడుసార్లు చదివాను. టైపు చేసినవాళ్లు 'ప్రతిరూపము నుండి' అనబోయి 'క్షేత్రము నుండి' అనేశారనుకున్నాను. అందరూ పొరపాటు చేస్తారు కదా అని పెద్దమనసుతో ఊరుకున్నాను.

ఏప్రిల్ రెండో వారంలో, సోమవారం మధ్యాహ్నం, తూర్పు పొలంలో ట్రాన్స్‌ఫార్మరు ఢామ్మని పేలి కాలిపోయింది. దాని కింద పదకొండు మోటార్లు. పదిమంది రైతులవి మిరప, మొక్కజొన్న. కోతలు అయిపోయాయి కాబట్టి వాళ్లు ఓ తిట్టు తిట్టి ఇంటికెళ్లారు. పదకొండోది సామ్రాజ్యమ్మది. ముప్పాతిక ఎకరంలో తమలపాకు తోట. అవిశ చెట్లకి పాకించిన తీగలు, లోపలికెళితే ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది. ఆమె గంట తిరక్కుండా మా ఆఫీసు గుమ్మంలో నిలబడింది.

"ఏఈ గారా, ఇంకో పంటైతే ఓర్చుకుంటది. ఆకు ఓర్చుకోదు. పది రోజులు తడి లేకపోతే తీగ మొదలంటా ఎండుద్ది. మళ్లీ నాటుకుని ఆకు కళ్లజూడాలంటే ఏడాది పడతది. ఆ తోట తప్ప నాకింకేం లేదని మీకు తెలుసు."

"ఎల్లుండికల్లా పెట్టిస్తాను సామ్రాజ్యమ్మా, బెంగపడకు" అన్నాను. ఆ మాట నేను గుండె మీద చెయ్యి వేసుకుని అన్నదే. అంతకుముందు అలాగే జరిగేది. స్టోర్సుకి కాగితం రాస్తే రెండ్రోజుల్లో ట్రాన్స్‌ఫార్మరు లారీ ఎక్కేది.

ఇప్పుడు కాగితం లేదు. ప్రతిరూపంలో అభ్యర్థన నమోదు చెయ్యాలి. చేశాను. మా సీనియర్ లైన్‌మన్ ఏసుపాదం నా భుజం మీదుగా చూస్తుండగా తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి:

"అభ్యర్థన తిరస్కరించబడినది. సూచించిన ప్రదేశమందు పదకొండు మోటార్లు లేవు. రావులకొల్లు నందు గల మోటార్ల సంఖ్య: 1. సామర్థ్యము: 2,150 హార్స్ పవర్."

ఏసుపాదం చాలాసేపు ఆలోచించాడు. "సార్, ఇరవై రెండేళ్ల నుంచి ఈ ఊళ్లో స్తంభాలెక్కుతున్నా. అంత మోటారుంటే పైనుంచైనా కనపడుండేది కదా?"

హెడ్డాఫీసుకి ఫోను చేశాను. ఆ బొమ్మ కట్టిన అమ్మాయి పేరు లిఖిత. పాపం తెలివైన పిల్ల, గొంతు తగ్గించి మాట్లాడింది.

"సార్, నాలుగొందల ముప్ఫై మోటార్లు విడివిడిగా పెడితే కంప్యూటరు నత్తనడక నడుస్తుంది. అందుకని అన్నిటినీ కలిపేసి, వాటికి బదులుగా ఒక్క పెద్ద మోటారు పెట్టాను. ప్రపంచంలో అందరూ అలాగే చేస్తారు. అది లెక్క కోసం పెట్టింది, నిజం మోటారు కాదు. పదకొండో అనుబంధంలో వివరంగా రాశాను కూడా."

"మరి ఆ మాట మీ సారుకి చెప్పమ్మా."

"అనుబంధాలు చదవడానికి కమిటీ వేశారండి. కమిటీలో అందరూ సెలవులో ఉన్నారు."

బుధవారం నన్ను హెడ్డాఫీసుకి పిలిపించారు. చిదానందం గారి గదిలో గోడంత తెర ఉంది. దాని మీద రావులకొల్లు దగ్గర ఒక ఎర్రటి గుండ్రటి చుక్క వెలుగుతోంది. ఆయన ఆ చుక్క వైపు చూసే చూపులో మురిపెం కనిపించింది.

"మిస్టర్ దక్షిణామూర్తీ! రెండువేల నూటయాభై హార్స్ పవర్ మోటారు మీ పరిధిలో భ్రమణం చేస్తూండగా పదహారేళ్లలో మీరు ఒక్క నివేదిక సమర్పించలేదు. ఈ పరిణామాన్ని నేను ఏ దృక్కోణం నుంచి వీక్షించాలి?"

"సార్, ఆ మోటారు లేదండి."

"ప్రతిరూపంలో ఉంది."

"ప్రతిరూపంలోనే ఉందండి. ఊళ్లో ఉన్నవి నాలుగొందల ముప్ఫై చిన్న మోటార్లు."

"అవి ప్రతిరూపంలో లేవు. లేని మోటార్లకి మీరు కరెంటిస్తున్నారు, ఉన్న మోటారును దాస్తున్నారు. రెండు నేరాలు స్వయంగా అంగీకరించారు. దయచేసి నమోదు చేసుకోండి."

పక్కనున్న గుమాస్తా నమోదు చేసుకున్నాడు. లిఖిత మూలన నిలబడి "సార్, పదకొండో అనుబంధం..." అంది. చిదానందం గారు చెయ్యెత్తి ఆపారు.

"అమ్మాయీ, నువ్వు కట్టిన ప్రతిరూపం మీద నీకే విశ్వాసం లేకపోతే సంస్థకి ఎలా ఉంటుంది?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కడ తోట ఎండుతోంది, ఇక్కడ ఈయన చుక్కని చూసి మురిసిపోతున్నాడు. అయినా పళ్లు బిగబట్టి, "సార్, ముందు ఆ ట్రాన్స్‌ఫార్మరు ఇప్పించండి, తర్వాత నన్నేమైనా చెయ్యండి" అన్నాను.

"యజమాని లేని మోటారుకి ట్రాన్స్‌ఫార్మరు ఎలా మంజూరు చేస్తాం? ఆ మోటారు యజమాని ఎవరో మూడ్రోజుల్లో నిర్ధారించండి. ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, మోటారు పక్కన యజమాని నిలబడి ఉన్న ఫోటో జతపరచండి. లేని పక్షంలో మీకు ఏజెన్సీ ప్రాంతపు శీతల వాతావరణం సిద్ధంగా ఉంది."

గురువారం పొద్దున పాలకేంద్రం దగ్గర రైతుల్ని పోగుచేసి ఉన్న సంగతి చెప్పాను. అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. ఒకాయన, "అంత మోటారేస్తే మన భూమి కింద నీళ్లే కాదు, పక్క జిల్లా నీళ్లు కూడా వచ్చేస్తయ్యి" అని సంబరపడ్డాడు. ఇంకొకాయన అది నిజంగా ఉందేమో, తమ నుంచి దాస్తున్నానేమో అని నా వైపు అనుమానంగా చూశాడు. సామ్రాజ్యమ్మ పాలక్యాను మీద కూర్చుని అంతా విని లేచింది.

"ఆ మోటారు నాదని రాయండి."

"అది లేదు కదమ్మా!"

"లేకపోతే మరీ మంచిది. నాదంటే కాదనేవాడెవడు? నాకు కావలసింది ట్రాన్స్‌ఫార్మరు. వాళ్లకి కావలసింది పేరు. ఇచ్చేస్తే పోలా?"

పదహారేళ్ల ఉద్యోగంలో నాకు ఇంత తేటగా ఎవరూ దారి చూపించలేదు. ఏసుపాదం తన సెల్‌ఫోను నేల మీద పెట్టి, కింద నుంచి పైకి, ఆమె అయిదు హార్స్ పవర్ మోటారును ఫోటో తీశాడు. ఫోటోలో మోటారు కొండంత కనిపించింది, దాని వెనక సామ్రాజ్యమ్మ చీర కొంగు మాత్రం కొద్దిగా పడింది. దరఖాస్తులో "మోటారును ఎవరు తొలగించగలరు?" అన్న గడిలో ఆమె "ఎవరి వల్లా కాదు" అని రాయించింది.

శుక్రవారం ఆమోదం వచ్చింది. హెడ్డాఫీసు నుంచి సామ్రాజ్యమ్మకి అభినందన పత్రం కూడా వచ్చింది. దానితోపాటు ట్రాన్స్‌ఫార్మరు వస్తుందని రోడ్డు మీద నిలబడి చూశాం. రాలేదు. బదులుగా సందేశం వచ్చింది. ఇంతటి మహా మోటారుకి అరవైమూడు కేవీఏ చిన్న ట్రాన్స్‌ఫార్మరు బిగించడం ప్రాణాపాయమట. ఈ స్థాయి మోటారు ఏదైనా సరే ముందు 'నిర్ధారణ పరీక్ష'లో నెగ్గాలట. ఆ తర్వాతే ఏ సామగ్రి అయినా.

పరీక్ష ఏమిటంటే, ప్రతిరూపంలో ఆ మోటారు ఒక్క బటన్ నొక్కితే తిరుగుతుంది. కాబట్టి క్షేత్రంలో కూడా ఒక్క నొక్కుతోనే తిరగాలి. నేను ఫోన్లో మళ్లీ మొత్తుకున్నాను, నాలుగొందల ముప్ఫై బటన్లున్నాయని. చిదానందం గారు దివ్యమైన పరిష్కారం చెప్పారు.

"అయితే అవి మోటార్లు కావు, భాగములు! ఒకే మోటారుకి నాలుగొందల ముప్ఫై భాగములు. అన్నీ ఏకకాలంలో నొక్కబడితే ఒక్క నొక్కుగానే పరిగణిస్తాం. మీలో సమన్వయం లోపించింది మిస్టర్ దక్షిణామూర్తీ, మోటారు లోపించలేదు."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కంటే అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఊరంతా ఒకేసారి వేస్తే వోల్టేజి చచ్చుబడిపోతుంది. అందుకని పదహారేళ్లుగా నేనూ, ఏసుపాదం రైతుల కాళ్లావేళ్లా పడి, "ఒకేసారి వెయ్యకండయ్యా, ఒకళ్ల తర్వాత ఒకళ్లు వేసుకోండి" అని బతిమాలుతూ తిరిగాం. కరెంటు రాగానే వాటంతటవే తిరిగే ఆటోమేటిక్ స్టార్టర్లను పీకించాం. గోడల మీద రాయించాం. ఇప్పుడు అదే గోడల మీద సున్నం కొట్టించి, "అందరూ ఒక్కసారే" అని రాయించమని ఉత్తర్వు వచ్చింది.

శనివారం బ్యాడ్జీలొచ్చాయి. ప్రతి రైతుకీ ఒకటి. 'భాగము నం. 1' నుంచి 'భాగము నం. 430' దాకా. సామ్రాజ్యమ్మకి రెండిచ్చారు, ఒకటి 'భాగము నం. 217', ఇంకొకటి 'యజమాని'. ఆదివారం, సోమవారం కవాతు జరిగింది. పాలకేంద్రం మైకులో ఏసుపాదం ఈల వేస్తే అందరూ తమ తమ స్టార్టరు డబ్బాల దగ్గర నిలబడి పచ్చ బటన్ నొక్కినట్టు వేలు ఆడించాలి. మొదటి రోజు ఈల వినగానే ఊళ్లో బస్సు ఆగిపోయింది, డ్రైవరు అది కండక్టరు ఈలే అనుకున్నాడు. రెండోరోజు హాజరు తీస్తే ఎనభై ఎనిమిదో భాగం బావమరిది పెళ్లికి వెళ్లిందని తేలింది. నూట ఆరో భాగానికీ, నూట ఏడో భాగానికీ గట్టు తగాదా ఉంది, ఒకరి పక్కన ఒకరు నిలబడనన్నారు. "ఒకే మోటారులో భాగాలు పరస్పరం మాట్లాడుకోకపోవడం ప్రతిరూప సూత్రాలకి విరుద్ధం" అని హెడ్డాఫీసు నుంచి మందలింపు వచ్చింది. ఆ కాగితం చదివి వినిపిస్తే ఇద్దరూ పడీ పడీ నవ్వి, అక్కడే రాజీ పడ్డారు. మా సంస్థ వల్ల ఊరికి జరిగిన మేలు అదొకటి.

నవ్వనిది సామ్రాజ్యమ్మ ఒక్కతే. కవాతు అయ్యాక ఆమెతోపాటు తోటకి వెళ్లాను. నడుస్తున్న బోరు అరకిలోమీటరు దూరంలో ఉంది, మధ్యలో మురుగు కాలవ. అక్కణ్నుంచి కావిడితో, బిందెలతో ఊళ్లోవాళ్లు తలో చెయ్యి వేసి నీళ్లు మోస్తున్నారు. అవి మొదళ్లకి కూడా చాలడం లేదు. ఎప్పుడూ చల్లగా తగిలే తోటలోకి ఎండ సూదుల్లా దిగుతోంది. ఒక ఆకు పట్టుకుంటే చేతిలోనే అంచు ముడుచుకుంది. ఎనిమిది రోజులైంది.

"కింద వరస పోయింది" అందామె. "పై వరసలు ఇంకో రెండ్రోజులు. ఏఈ గారా, నిజం చెప్పండి. ఆ పరీక్షైతే ఇస్తారా?"

అబద్ధమాడలేకపోయాను. "తెలీదమ్మా. అందరూ ఒకేసారి నొక్కితే కరెంటే పోతుంది. పరీక్ష తప్పుతాం."

ఆమె పాలకేంద్రం గోడకి అంటించిన సర్క్యులర్ దగ్గరికి తిరిగొచ్చి, నిబంధనలన్నీ వేలు పెట్టి వరసగా చదివించుకుంది. ఏడో దాని దగ్గర ఆగి మళ్లీ చదవమంది.

మంగళవారం లిఖితకి ఫోను చేసి, "నీ ప్రతిరూపమేమంటోందమ్మా ఈ ఈల సంగతి?" అన్నాను.

"అదీ మీరన్నదే అంటోంది సార్! అరసెకను కాకుండానే వోల్టేజి కుప్పకూలుతుందని గీత గీసి మరీ చూపిస్తోంది. సారు బల్ల మీద పెట్టాను. దాని మీద కాఫీ కప్పు పెట్టుకున్నారు."

నాకు ఆ క్షణంలో ఆ కంప్యూటరు మీద గొప్ప జాలి కలిగింది. నాలాగే అదీ నిజం చెబుతూనే ఉంది, నాలాగే దాని మాటా ఎవరూ వినడం లేదు.

బుధవారం, అంటే పదో రోజు, ఉదయం పదిన్నరకి సబ్‌స్టేషను పక్కన షామియానా వేశారు. చిదానందం గారు పట్టుపంచెతో వచ్చారు. పెద్ద తెర, నాలుగు నిలువెత్తు ఫ్యాన్లు, మైకు, మజ్జిగ. లిఖిత తన ల్యాప్‌టాప్‌ను సబ్‌స్టేషనులో వోల్టేజి నమోదు చేసే పెట్టెకి తగిలించుకుని ఓ మూల కూర్చుంది. పొలాల్లో నాలుగొందల ఇరవై తొమ్మిది మంది స్టార్టర్ల దగ్గర బిగుసుకుని నిలబడ్డారు. ఎనభై ఎనిమిదో భాగం కూడా పెళ్లి భోజనం మధ్యలో లేచి వచ్చేసింది. తూర్పు పొలంలో కరెంటే లేకపోయినా ఆ పదిమందీ చచ్చిన బటన్ల మీద వేళ్లు పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు, ఎందుకంటే హాజరు తప్పనిసరి. సామ్రాజ్యమ్మ యజమాని కాబట్టి ఆమెను వేదిక మీద కూర్చోబెట్టారు, ఆమె బటన్ ఆమె చెల్లెలు నొక్కుతుంది.

చిదానందం గారు ప్రసంగించారు. "సోదరులారా, భాగములారా! ఒకప్పుడు వాస్తవాన్ని చూసి బొమ్మ గీసేవారు. అది వెనకబడిన విధానం. నేడు మనం బొమ్మను చూసి వాస్తవాన్ని నిర్మించుకుంటున్నాం. ఇదే నా విజన్!" చప్పట్లు మోగాయి. ఆయన చెయ్యి ఊపారు. ఏసుపాదం నా వైపు ఒకసారి చూసి, దేవుణ్ని తలుచుకుని, ఈల ఊదాడు.

ఊరు ఊరంతా ఒక్కసారి 'హుమ్' అంది. అంత పెద్ద మూలుగు నా ఉద్యోగ జీవితంలో వినలేదు. ఒక్క క్షణం నిజంగానే నేల కింద ఏదో మహా మోటారు ఉందేమోనని నాకే అనిపించింది. ఫ్యాన్లు నీరసించి ఆగాయి. తెర వణికి, ఎర్రచుక్క ఒకసారి ఉబ్బి ఆరిపోయింది. మైకు కూసింది. సబ్‌స్టేషనులో బ్రేకరు ఠప్పున పడింది, ఆ వెనకే మండలమంతా కరెంటు పోయిందని ఫోన్లు మొదలయ్యాయి. షామియానాలో చిదానందం గారు చెమటలు కారుతూ, నోరు తెరిచి నిలబడిపోయారు.

"మిస్టర్ దక్షిణామూర్తీ," అన్నారు నెమ్మదిగా, "మీరు అయిపోయారు."

అప్పుడు మూల నుంచి లిఖిత బ్యాటరీ మీద నడుస్తున్న ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. "సార్, ఒక్కసారి ఇది చూడండి. ఈ నీలం గీత ప్రతిరూపం నిన్న చెప్పింది. ఈ నల్ల గీత ఇప్పుడు జరిగింది."

రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడి, ఒకేచోట, ఒకే వాలుతో కిందికి దూకాయి. చిదానందం గారు కళ్లద్దాలు తుడుచుకుని చూశారు. మొహంలో రక్తం తిరిగొచ్చింది. చూస్తుండగానే ఆయన పట్టుపంచె ఎగ్గట్టి గంతేసినంత పని చేశారు.

"కలిసింది! ప్రతిరూపమూ క్షేత్రమూ కలిసిపోయాయి! కరెంటు పోతుందని నా ప్రతిరూపం చెప్పింది, కరెంటు పోయింది! ఇంతకంటే విజయం ఏముంటుంది? మజ్జిగ పంచండి!"

మండలమంతా చెమటలో ఉడుకుతుండగా మేం మజ్జిగ తాగాం. ఆయన నన్ను కౌగిలించుకున్నారు కూడా. ఆ ఊపులో వెళ్లిపోతారేమోనని నాకు భయం వేసింది, ఎందుకంటే ట్రాన్స్‌ఫార్మరు ఊసే ఎవరూ ఎత్తలేదు. అంతలో సామ్రాజ్యమ్మ వేదిక మీద నుంచి దిగి, ల్యాప్‌టాప్ దగ్గరికొచ్చి వంగి చూసింది.

"అమ్మాయీ, ఈ రెండు గీతల మధ్య సందేంది?"

లిఖిత ఉలిక్కిపడింది. తర్వాత ఆమె కళ్లు మెరిశాయి. గీతల్ని పెద్దవి చేసి చూపించింది. నల్ల గీత నీలం గీతకి వెంట్రుకవాసి పైన ఉంది.

"వ్యత్యాసం సార్" అంది వినయంగా. "రెండున్నర శాతం."

చిదానందం గారి చేతిలో మజ్జిగ గ్లాసు ఆగిపోయింది. "వ్యత్యాసమా? నా ప్రతిరూపంలోనా? ఎవరు చేశారు?"

"నేనే" అంది సామ్రాజ్యమ్మ. "యజమానిని. నా మోటారులో పదకొండు భాగాలు పది రోజుల్నుంచి పడిపోయి ఉన్నయ్యి. యాభై అయిదు హార్స్ పవర్. మీ బొమ్మలో మోటారు నిండుగా ఉంది. నా దగ్గర అరకొరగా ఉంది. మీ ఏడో నెంబరు రూలు ఏమంటది? తేడా ఉంటే పొలంలోంచి తీసెయ్యాలంటది. తీసెయ్యండి మరి."

చిదానందం గారు సర్క్యులర్ తెప్పించుకున్నారు. తాను రాసిన వాక్యాన్ని తానే గొణుక్కుంటూ చదివారు. 'తక్షణమే' అన్న మాట దగ్గర ఆగారు.

"మిస్టర్ దక్షిణామూర్తీ! ఇంత వ్యత్యాసం పెట్టుకుని పది రోజులుగా ఏం చేస్తున్నారు? సాయంత్రంలోగా ఆ పదకొండు భాగములూ తిరగాలి! ఏం కావాలో అది స్టోర్సు నుంచి నా పేరు చెప్పి పట్టుకురండి!"

"అరవైమూడు కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు కావాలండి. కానీ అది మంజూరు చెయ్యకూడదని..."

"ట్రాన్స్‌ఫార్మరు అని ఎవరన్నారు? అది విడి భాగం! మహా మోటారుకి విడి భాగము, ఒకటి. రాసుకోండి!"

రాసుకున్నాను. మధ్యాహ్నానికల్లా కరెంటు తిరిగొచ్చింది, నాలుగింటికి లారీ వచ్చింది. ఏసుపాదం దిమ్మె ఎక్కి ఏనాడూ బిగించనంత త్వరగా బిగించాడు. అయిదు దాటాక సామ్రాజ్యమ్మ తన బటన్ తానే నొక్కింది, ఈల లేకుండా. బోరు ఓసారి దగ్గి, బురదనీళ్లు కక్కి, తర్వాత తెల్లటి ధార వదిలింది. ఆమె కాలవలో కాళ్లు పెట్టి నిలబడి, నీళ్లు తోటలోకి వెళ్లేదాకా కదల్లేదు. కింద వరస పోయింది, మిగతాది నిలిచింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఏసుపాదానికి కనపడకుండా మీటరు చూస్తున్నట్టు అటు తిరిగాను.

కథ అక్కడితో అయిపోవాలి. కానీ రెండు నెలల తర్వాత కంప్యూటరు ఇంకా నెమ్మదిగా ఉందని, దాన్ని తేలిక పరచడానికి మా చుట్టుపక్కల పన్నెండు ఊళ్ల మోటార్లన్నీ కలిపి ఒకే మోటారు చేశారు. ఇరవై ఆరువేల హార్స్ పవర్. యజమాని సామ్రాజ్యమ్మ. ఆ ఉత్తరం చదివి వినిపిస్తే ఆమె ఆకులు కట్ట కడుతూనే అడిగింది.

"అంటే ఆ పన్నెండు ఊళ్లలో ఎక్కడ ట్రాన్స్‌ఫార్మరు కాలినా నా మోటారులో భాగం పోయినట్టేనా?"

"అంతేనమ్మా."

"అయితే నాకు ఇష్టమేనని రాయండి."

అప్పట్నుంచి ఎక్కడ ఏది కాలినా రైతులు మా ఆఫీసుకి రారు. సరాసరి ఆకుతోటకి వెళతారు. ఆమె వాళ్లకో ఆకూ వక్కా ఇచ్చి కూర్చోబెట్టి, 'విడి భాగము కావలెను' అన్న కాగితం మీద సంతకం పెడుతుంది. మర్నాటికి లారీ వస్తుంది. మండలంలో ఇంత చురుగ్గా పనిచేసే కార్యాలయం ఇంకొకటి లేదు.

నా చార్జి మెమో మాత్రం తన దారిన తాను నడిచి, చివరికి ఏజెన్సీకి బదిలీ ఉత్తర్వుగా తేలింది. నేను పెట్టె సర్దుకుంటుంటే సామ్రాజ్యమ్మ వచ్చి, ఉత్తర్వు చదివించుకుని, ఏసుపాదం చేత హెడ్డాఫీసుకి ఒక ఉత్తరం రాయించింది. ఏఈ గారు తన మోటారులో భాగమని, పదహారేళ్లుగా బిగించి ఉన్నదని, ఇప్పుడు ఊడబీకితే వ్యత్యాసం వస్తుందని.

వారం తిరక్కుండా బదిలీ రద్దయింది. ఏడో నిబంధన ప్రకారమేనని కింద ప్రత్యేకంగా రాశారు. కవరులో ఒక బ్యాడ్జీ కూడా ఉంది, 'భాగము నం. 431'. రోజూ జేబుకి పెట్టుకునే ఆఫీసుకి వెళుతున్నాను.